స్వావా చేపల వల

పొద్దున్నే చేపల వల పట్టుకుని, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, లావా బండల మధ్య గుహలోకి దిగే స్వావాను చూస్తే ఎవరితోనో తగువుకు పోతున్నట్టుంటుంది. గుహ ఆమె గొర్రెల పొలంలోనే ఉంది. లోపల నీలంగా, ఆవిరి కక్కే వేడి ఊట. స్నానాలు చెయ్యొద్దని బోర్డు పెట్టినా, ఐస్‌లాండ్ చూడొచ్చిన జనం ఒళ్ళయినా కడుక్కోకుండా, చెమటతో, క్రీముల జిడ్డుతో అందులో దిగిపోతారు. తెల్లారితే ఆమె వలలో వెంట్రుకల ఉండలు, సిగరెట్ పీకలు, పుండ్ల మీంచి ఊడిన పట్టీలు. ముక్కు చిట్లించుకుని అన్నీ సంచిలోకి దులుపుతూ, "ఛీ, మీ ఒళ్ళు తగలెయ్య! మీ దేశాల్లో సబ్బు దొరకదా?" అని ఖాళీ గుహను తిడుతుంది. తను ఈత నేర్చుకున్న ఆ నీళ్ళలో వేలు ముంచి ఏళ్ళయింది.

మొన్న వాళ్ళమ్మ గ్రోవా అందులో కాళ్ళు పెట్టుకుంటానని పట్టుబట్టింది. "వద్దమ్మా, పొద్దున నేను తీసినవి చూస్తే నీకు తిండి సయించదు." "నోర్ముయ్యవే! గొర్రెల బొచ్చు కత్తిరించిన ఒళ్ళతో అందరం ఇందులోనే పడేవాళ్ళం." ముసలావిడ మేజోళ్ళు విప్పి, కాళ్ళు ముంచి, హాయిగా కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఆమె మడమ పుండు మీది పట్టీ నాని, ఊడి, పైకి తేలింది. కళ్ళు తెరిచిన గ్రోవా దాన్ని చూసి మొహం వికారంగా పెట్టింది. "ఛీ ఛీ, ఏ దేశపు దరిద్రుడిదో చూడవే!" "అవునమ్మా, సిగ్గులేని జనం," అంది స్వావా. వల పక్కనే ఉంది. ఆమె తొడుగు విప్పేసి, వట్టి చేతిని నీళ్ళలోకి పోనిచ్చి, ఆ పట్టీని తీసి తన కోటు జేబులో దాచింది.