మాసిక

"...గుడ్డ కాదండీ, మీ కండే," అంటోంది పళ్ళ డాక్టరమ్మ.

"ఏదైతేనేం, మాసిక మాసికే. ఎన్ని పేటల దారం వాడతారు?" అన్నాడు బాబాయి, కుర్చీలో నోరు తెరుచుకునే.

కుట్టు కనిపిస్తే లాగి చూడకుండా ఉండలేకపోవడం మా బాబాయికున్న ఒకే ఒక్క జబ్బు. వృత్తికి దర్జీ. ఎదుటివాడి చొక్కా భుజం రెండు వేళ్ళతో గుంజి, ఆ తర్వాతే బాగున్నారా అని అడుగుతాడు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు కోటు చంక దగ్గర చిరిగితే పక్కకి కూర్చోబెట్టి చిటికెలో కుట్టిచ్చాడు. చింపిందీ ఆయనే.

ఆయనకి కింది చిగురు జారి ఒక పంటి వేరు బయటపడింది. అంగిట్లోంచి పలచటి పొర తీసి అక్కడ కుట్టాలి. కుట్లు విప్పేదాకా పెదవి లాగి చూసుకోకూడదని, లాగితే అతుకు ఊడుతుందని డాక్టరమ్మ బాబాయికి కాదు, పిన్నికి చెప్పింది. ఆవిడకి మనుషులు తెలుసు.

పిన్ని చిగుళ్ళు ఇంకా అన్యాయం. ముందుపళ్ళు పొడుగ్గా కనిపిస్తాయని నవ్వొచ్చినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. సూదంటే మాత్రం హడలు. ఒకసారి ఆ కుర్చీ దాకా వెళ్ళి, చెప్పులు కూడా మరిచిపోయి ఇంటికొచ్చేసింది.

కుట్లు పడ్డాక బాబాయి ఇంట్లో కర్టెన్లు లాగాడు, దిండ్లు లాగాడు, నా సంచి పట్టీ తెంపి మళ్ళీ కుట్టాడు. చెయ్యి పెదవి దాకా వెళ్ళేది. అక్కడ తడబడి, మీసం దువ్వి దిగిపోయేది. నాకు ఊహ తెలిశాక ఆయన ముట్టుకోని కుట్టు అదొక్కటే.

కుట్లు విప్పిన రోజు డాక్టరమ్మ అద్దం చూపించింది. మాసిక అతికింది.

"మీకంత తొందరేం లేదు, కొన్నాళ్ళు ఆగుదామంటే విన్నారు కాదు," అంది.

గుమ్మం దగ్గరే నిలబడ్డ పిన్ని, "అదేమిటి, నాకు చెప్పలేదే?" అంది.

బాబాయి అద్దంలోంచి కళ్ళు తియ్యలేదు. "కొత్త దర్జీకి మంచి గుడ్డ ముందే ఇచ్చేస్తామా ఎవరమైనా? పాత గుడ్డొకటి ఇచ్చి చూస్తాం," అన్నాడు. ఆ వెంటనే, ఇప్పుడు లాగి చూడొచ్చా అని డాక్టరమ్మని అడిగాడు. కూడదంది.

పిన్ని గుమ్మం దాటి లోపలికొచ్చి, చేతిసంచి నాకందించింది.

"వచ్చే వారం నేను కూర్చుంటాను డాక్టరుగారూ. ఈయన బయట ఉంటారు."