పంపు తర్వాత బెల్లం ముక్క

ఆ ఏడాది మా నాన్న మాట్లాడటం మానేశాడు. అలిగి కాదు. బొగ్గుబావిలో దుమ్ము మింగీ మింగీ ఊపిరితిత్తులు పాడైపోయినా, రిటైరయ్యాక కూడా వాగుడు తగ్గని మనిషి. సాయంత్రమైతే క్వార్టర్ల మూలమీది చాయ్ హోటల్లో పాత బావి దోస్తులను చుట్టూ కూర్చోబెట్టుకొని నోరారా తిట్టేవాడు. అలాంటివాడు హోటల్ మానేసి గోడవైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ అన్నం తినేవాడు కాస్తా మజ్జిగ పోసుకొని రెండు ముద్దలు మింగి కంచం తోసేసేవాడు.

"దమ్ము ముదిరింది. ఇంక తిండి యాడ పోతది?" అనేది అమ్మ, ఆయన ఆయాసం చూసి.

నా కాపురం పక్క వీధిలోనే. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా మణుగూరు దాకా వస్తున్న రోజులు. ఏమైందో తెలియాలంటే వెళ్లి చూడాల్సిందే. పొద్దున వచ్చేదాన్ని, మధ్యాహ్నం వచ్చేదాన్ని. ఏదో ఒకటి అడిగి, జవాబు వచ్చేలోపు వంటింట్లోకి పోయి, మళ్లీ వచ్చేదాన్ని. నాకు ఒకచోట కాలు నిలవదు. నాన్న పోతాడేమోనని పచ్చి భయం. దాన్ని కోపంగా మార్చి అందరిమీదా చూపించేదాన్ని.

ఒకరోజు మంచినీళ్లిస్తూ దగ్గరికి వంగితే ఆయన తల అటు తిప్పుకున్నాడు. అప్పుడు తగిలింది వాసన.

"నోరు తెరువు నాయినా."

"ఎందుకు?"

"తెరువంటే తెరువు."

తెరిచాడు. నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు అంటినట్టు తెల్లటి పూత. పళ్లు నల్లబడి, చిగుళ్లలోంచి నెత్తురు. ఇన్ని రోజులూ అందరం ఆయన ఛాతీ గురించే మాట్లాడాం, నోట్లోకి ఎవరం చూడలేదు.

మర్నాడే భద్రాచలంలో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరదీశాను. గోదావరి వంతెన మీద లారీల వెనక బస్సు ఆగిపోతే, లేచి డ్రైవరు దాకా వెళ్లి చూసొచ్చాను.

"కూసో బిడ్డా. నువ్వు నిలబడితే బస్సు ఉరుకుతదా?" అన్నాడు నాన్న. చాలా రోజులకు ఆయన నోట ఓ పూర్తి మాట విన్నాను.

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి వంచగానే ఆయనకు ఊపిరాడలేదు. నా చెయ్యి పట్టుకొని లేచి కూర్చున్నాడు. ఆమె కుర్చీ నిటారుగా పెట్టి, తనే వంగి చూసింది. ఆయాసానికి ఇన్‌హేలర్ పంపు నోట్లోకి కొట్టుకుంటాడని నేను చెప్పాను.

"పంపు కొట్టాక నోరు పుక్కిలిస్తున్నారా?"

"పుక్కిలిస్తే మందు పోదా మేడం? బెల్లం ముక్క ఏసుకుంట. లోపలికి దిగుతది."

బావి నుంచి పైకొచ్చాక బెల్లం చప్పరించడం మా బొగ్గు మనుషుల అలవాటు. గొంతులో పట్టిన దుమ్మును బెల్లం లోపలికి దింపేస్తుందని నమ్మకం. దుమ్మును దింపింది మందును దింపదా అని నాన్న అనుకున్నాడు. పంపు ఇచ్చినప్పుడు దవాఖానాలో పుక్కిలించమనే చెప్పారట. మందు ఉమ్మేయడానికి ఈయనకే మనసొప్పలేదు.

ఛాతీకి పోవాల్సిన మందు పుక్కిలించేలోపే పోతుందని, నోట్లో మిగిలిన మందుతోనే ఆ పూత వచ్చిందని, పళ్లను బెల్లం తినేసిందని ఆమె విడమరిచి చెప్పింది. పూతకు మందిచ్చి, కదిలిపోయిన పళ్లను తర్వాత ఒక్కొక్కటిగా తీసేసింది.

ఇంటికొచ్చి బెల్లం డబ్బా ఎత్తబోతే నాన్న నెమ్మదిగా అన్నాడు. "గా బెల్లమే నన్ను బావిల బతికించింది అనుకున్న బిడ్డా."

నా కోపం చప్పున చల్లారిపోయింది. గ్లాసుతో నీళ్లు తెచ్చి ముందు పెట్టాను.

అప్పట్నుంచి పంపు చప్పుడు వినపడితే చాలు, "పుక్కిలించినవా?" అని అరిచేదాన్ని. "పోలీసోళ్ల లెక్క ఎనకబడ్డవేందే!" అని విసుక్కునేవాడు. విసుక్కుంటున్నాడని నాకు లోలోపల సంతోషం.

ఒక సాయంత్రం దగ్గరికి పిలిచి, నా ముఖం మీదికి హా అని ఊదాడు.

"నిజం జెప్పు. వాసనొస్తున్నదా? మీ అమ్మనడిగితే అబద్ధం జెప్తది."

"లేదు నాయినా."

"ఒట్టు?"

"ఒట్టు."

చొక్కా వేసుకొని బయల్దేరాడు. దమ్ము మాత్రం ఎక్కడికీ పోలేదు. నాలుగడుగులకే కరెంటు స్తంభానికి చెయ్యి ఆనించి, భుజాలు ఎగరేస్తూ గాలి పీల్చుకున్నాడు. నేను గడప దిగి ఉరికాను. అంతలో ఆయన చాయ్ హోటల్ వైపు తిరిగి, ఉన్న ఊపిరంతా కూడగట్టుకొని, ఎవరినో బూతు కలిపి పిలిచాడు.