ముత్తవ్వ గాజులు

సంగారెడ్డి కచ్చేరీలో గుమాస్తాగా చేరిన ఆ రోజుల్లో, సర్కారు మనిషికి తెలియకుండా లోకంలో ఏదీ దాగదని గట్టిగా నమ్మేవాణ్ణి. (నా కుర్చీకి మూడు కాళ్లే ఉండేవి. నాలుగో కాలు ఇటుక.) మా ఊరు గుమ్మడిదల పక్కన; మా నాయనమ్మ, బాపమ్మ, పుట్టిందీ అక్కడే. ఇంట్లో మంచం పట్టిన బాపమ్మకు ఒకటే కోరిక. వాళ్ల నాయన పోయాడని రూఢిగా తెలియాలి, తను కన్నుమూసేలోపు ఆయన పేర పెత్రమాసకు బియ్యం ఇవ్వాలి. ఆ నాయన, గోడ పక్కింటి సాయిబు కలిసి బొల్లారం దండు గుర్రాలను తోలుకుపోతూ పట్టుబడ్డారు. తెల్లదొరలు ఇద్దరినీ ఒకే గొలుసుకు కట్టి కాలాపానీకి పంపారు. అప్పటికి బాపమ్మకు పాలపళ్లు కూడా ఊడలేదు.

పెత్రమాసనాడు చనిపోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాం. ఏటా మా గడపలో తగవే.

"ముసలమ్మా, మీ నాయినకు నూరేండ్లు దాటినయి. ఇగ పోయే ఉంటడు, ఇయ్యి" అనేవారు అయ్యగారు.

"నువ్వు సూసినవా అయ్యా? బతికున్నోనికి బియ్యమిస్తే ఆ పాపం నీకా, నాకా?" అనేది బాపమ్మ. అయ్యగారు సంచి సర్దుకునేవారు.

నేను అండమానుకు ఇంగ్లీషులో అర్జీలు పెట్టాను. (ఆ ఇంగ్లీషు అర్థమై ఉంటే జవాబు వచ్చేదేమో.) పక్కింటివాళ్లను ఎన్నడూ అడగలేదా అంటే బాపమ్మ ఉలిక్కిపడింది. "వద్దు బిడ్డా. ఆ ఇంట్ల నాయిన ముచ్చట ఎత్తనని మా అవ్వ నాతోని ఒట్టు పెట్టించుకున్నది." ఆ అవ్వ, అంటే మా ముత్తవ్వ, చివరిదాకా నుదుట పెద్ద బొట్టుతో, చేతుల నిండా గాజులతో మొగుడి కోసం ఎదురుచూసింది. ఊళ్లో ఏ పెళ్లయినా మొదటి పసుపు ఆమెకే.

ఒట్టు బాపమ్మది, నాది కాదు. పక్కింటివాళ్లు పోలీసు చర్య నాటి గొడవల్లో ఇల్లు తగలబడి ఊరు విడిచారు. (ఎవరు తగలబెట్టారో ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరూ చెప్పరు.) ఆ సాయిబు మనవడు మా కచ్చేరీ ఎదుటే రాగి గిన్నెలకు కళాయి పూసేవాడు. ఆయన కొలిమి పక్కన నిలబడే నేను రోజూ చాయ్ తాగేవాణ్ణి. ఒకనాడు అడిగేశాను. కళాయి తాత తిత్తి కొట్టడం ఆపాడు.

"ఇద్దరూ ఒక్క వానకాలమే జ్వరమొచ్చి పోయిండ్రు బిడ్డా. శిక్ష తీరి వాపసొచ్చినాయన మా దాదికి, గదే మా తాత భార్యకు, చెప్పిండు. దాది గోడ మీదికెల్లి మీ ముత్తవ్వకు చెప్పింది."

"ముత్తవ్వకు తెలుసా?"

"తెలువకేంది? దాది చెయ్యి పట్టుకున్నదట. 'నువ్వు నోరిప్పితే నా గాజులు పగులుతయి' అన్నదట. దాది జబాన్ ఇచ్చింది. గందుకే మేమెవరికీ చెప్పలే. ఏటా సచ్చినోళ్ల పేర వండిపెట్టి చదివే ఫాతెహాల మాత్రం ఇద్దరి పేర్లూ తీస్తం." మళ్లీ తిత్తి అందుకున్నాడు. "ఇగ ఇప్పుడు ఎవరి గాజులు పగులుతయి, చెప్పు?"

ఇంటికొచ్చి చెప్పాను. బాపమ్మ చాలాసేపు తన మణికట్టు నిమురుకుంది. పెళ్లయిన నాలుగేళ్లకే బోసిపోయిన చేయి అది. తర్వాత దగ్గు తెరలో నవ్వింది.

"మా అవ్వ ఎంత ముదురుదిరా! అవునురా, ఫాతెహాకు ఏం వండుతరట?"

"మాంసం, బగారన్నం."

"ఆయనకు బియ్యం పప్పు లేదని నేనిక్కడ ఏడుస్తున్న! మా నాయిన నాకంటె మంచిగనే తిన్నడు."

ఆ ఏడు పెత్రమాసకు అయ్యగారు వచ్చారు. బాపమ్మ అత్తమామల పేర్లు, మా తాత పేరు చెప్పింది. అక్కడితో ఆగిపోయింది.

"మీ నాయిన సంగతేంది?"

"సూసినోళ్లెవరూ దొరకలే అయ్యా."

ఆయన వెళ్లాక నన్ను దగ్గరికి పిలిచింది. "ఇప్పుడు బియ్యమిస్తే మా అవ్వను సచ్చినంక ముండమోసిదాన్ని చేసినట్టయితది. నా గాజులంటే తీసిన్రు. ఆమెయన్న ఉండనీ. ఆ గంపల బియ్యం కళాయాయన ఇంటికి పట్టుకపో. ఇన్నేండ్లు వాళ్లే పెట్టిన్రు, ఈసారి మా నాయినకు నా బియ్యంతోని పెట్టుమను."

మరునాడు బియ్యం మూట ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. ఎవరికని కండక్టరు అడిగితే చుట్టాలకన్నాను. కళాయి తాత మూటను రెండు చేతులతో అందుకుని లోపల పెట్టాడు. ఆ చలికాలం దాటకుండానే బాపమ్మ పోయింది.

మా ముత్తవ్వ ముత్తైదువగా పోయిన పుణ్యాత్మురాలని ఊళ్లో ముసలివాళ్లు ఇప్పటికీ అంటుంటారు. దాగిన సంగతులన్నీ బయటికి లాగుతానని ఇటుక మీద కూర్చున్న ఆ కుర్ర గుమాస్తా గుర్తొస్తాడు. నవ్వొస్తుంది. వాళ్ల మాటకు అవునవునని తలూపుతాను.