మిరపకోతకి సెలవడిగిన వంటవాడు

మొన్న మా చెల్లెలి కొడుకు ఎక్కడో ఈశాన్యపు కొండల్లోంచి ఫోన్ చేసి, తనకి సెలవు మంజూరైందనీ, శనివారానికల్లా గుంటూరులో దిగుతాననీ చెప్పాడు. వాడూ నాలాగే సైన్యంలో చేరాడు లెండి, కాకపోతే వాడు డిగ్రీ చదివి తుపాకీ పట్టాడు, నేను ఎనిమిదో తరగతితో బడికి దణ్ణం పెట్టి గరిటె పట్టాను. దేనికిరా సెలవు అని అడిగితే స్నేహితుడి పెళ్ళట. అడిగిన సాయంత్రానికే వాళ్ళ పెద్దాఫీసరు సరేనన్నాడట, ఆ సంగతి ఫోనులోనే తెలిసిపోయిందట. నా టిఫిన్ హోటల్లో పెసరట్టు తిరగేయబోతూ ఈ మాట విన్నాను, ఆ అట్టు కాస్తా మాడిపోయింది. మేనల్లుణ్ణి చూసి కుళ్ళుకునే మేనమామ లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను గానీ, మా కాలంలో పట్టాళంలో పనిచేసి వచ్చినవాళ్ళు ఎవరైనా ఇది చదివితే నా కడుపుమంటలో న్యాయం ఉందనే అంటారు.

మా రోజుల్లో సెలవంటే మేజరు గారి చేతిలో ఉండేది. ఏడాదికి ఇన్ని రోజులని రూల్సు పుస్తకంలో ఉన్నమాట నిజమే. కానీ ఆ రోజులు ఎప్పుడివ్వాలో, అసలివ్వాలో మానాలో, ఇచ్చాక మధ్యలో తంతి కొట్టి వెనక్కి పిలవాలో, అంతా ఆయన ఇష్టం. దేవుడికైతే మొక్కుకోవచ్చు, ముడుపు కట్టొచ్చు, కనీసం అలిగి గుడికి వెళ్ళడం మానేయొచ్చు, ఈయన దగ్గర ఆ సౌకర్యాలేవీ లేవు. వారానికోసారి అర్జీలు వినే రోజుండేది. ఆ రోజు బూట్లు మెరిసేలా తుడుచుకుని, గడ్డం నున్నగా గీసుకుని, ఆయన గది బయట వరసలో నిలబడేవాళ్ళం. మా సుబేదారు ముందే అందరికీ పాఠం చెప్పేవాడు. తల్లికి జబ్బనండి, చెల్లికి పెళ్ళనండి, ఇల్లు కూలిందనండి, ఏదో ఒకటి చెప్పి నోరు మూసుకోండి అనేవాడు. ఆ చివరి ముక్క చెప్పేటప్పుడు నావైపే చూసేవాడు. ఎందుకంటే నేను నోరు తెరిస్తే కంపెనీ మొత్తం నవ్వడం అలవాటైపోయింది. రొట్టె వడ్డిస్తూ ఒక మాట అంటే వరస చివరివాడి దాకా ఆ నవ్వు పాకేది. చదువు లేనివాడికి దేవుడిచ్చిన సర్టిఫికెట్ అదొక్కటేనని మురిసిపోయేవాణ్ణి.

ఒక ఏడు మిరపకోతల్లో మా నాన్న ఎద్దులబండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె, నల్లరేగడి నేల, సగం పత్తి, సగం మిరప. అప్పటికి చేనంతా ఎర్రగా పండి ఉంది. మిరప పండించినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ఎవరి కాలు విరిగినా పండిన కాయ ఆగదు. కోయడం ఆలస్యమైతే తెల్లబారి తాలుకాయ అవుతుంది, కోసి కళ్ళంలో ఆరబోశాక ఒక్క జల్లు పడితే నల్లబడిపోతుంది. కూలీలని పిలుచుకురావడం, కళ్ళంలో కాయ తిరగేయించడం, మబ్బు కనిపిస్తే పట్టాలు కప్పించడం, వీటన్నిటికీ మా ఇంట్లో నాన్న తప్ప దిక్కులేదు. అమ్మ అప్పటికే పోయింది, చెల్లెలు చిన్నది. టెలిఫోన్ బూత్‌లో ఈ కబురు విని, ఆ వారమే అర్జీకి నిలబడ్డాను. నా వెనకే మా మేజరు గారి జీపు డ్రైవరు నిలబడ్డాడు. కంపెనీలో తెలుగువాళ్ళం మేమిద్దరమే. అతనిది నరసరావుపేట, పరుపులు కుట్టే దూదేకుల వాళ్ళ ఇల్లు, నాకంటే చిన్నవాడు, రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడితే ఆ రోజు పండగ.

మేజరు గారు ఇంట్లో ఏమైందని అడిగారు. నేను నిటారుగా నిలబడి, నాకొచ్చిన హిందీలో, మిరపకాయ పండింది సాబ్ అన్నాను.

మీరైతే ఇందులో తప్పు పట్టరు. మా వైపు ఇంట్లో ఏమైందని అడిగితే ఎవరైనా ముందు చేను సంగతే చెబుతారు, మనుషుల సంగతి ఆ వెనక వస్తుంది. నాన్న కాలు విరగడం కష్టమే, కొంప మునిగేది మాత్రం మిరపతో. పాపం మేజరు గారిది హిమాలయాల కింద ఏదో పట్నం, వాళ్ళకి మిరపకాయంటే కూరలు కొన్నప్పుడు కొట్టువాడు కొత్తిమీరతో పాటు ఊరికే సంచిలో పడేసేది. దానికోసం ఒక మనిషి రెండు రైళ్ళు మారి ఇంటికెళ్ళాలనడం ఆయన ఎన్నడూ విని ఉండడు, అందులోనూ అడుగుతున్నది కంపెనీకి నోరు మండేలా వండిపెట్టే వంటవాడు. ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

‘‘మా పప్పులో వేసింది చాలలేదా, ఇంకా కోసుకొస్తావా?’’

సుబేదారు నవ్వాడు, గుమస్తా నవ్వాడు. నేను కంగారుపడి, మా నాన్న కాలు విరిగింది సాబ్ అన్నాను. దానికి ఇంకా గట్టిగా నవ్వారు, రెండో జోకనుకున్నారు. నవ్వాగాక ఆయన మెత్తగానే చెప్పాడు, ఇంకో వంటవాడు హోళీకి వెళ్ళి ఉన్నాడు, నువ్వూ వెళితే ఇంతమందికి ఎవరు వండుతారు, సెలవు నీ హక్కు కాదు, పని చూసి నేనిచ్చేది అని. ఆ మాటకి పైన అప్పీలు లేదు. సెల్యూట్ కొట్టి వెనక్కి తిరిగాను.

నా వెనకవాడు లోపలికి వెళ్ళి, ఇంటికెళ్ళి ఏడాదైంది సాబ్ అన్నాడు. అంతే, సంతకం పడింది. తల్లికి జబ్బు లేదు, చెల్లికి పెళ్ళి లేదు, ఇల్లు కూలలేదు, అయినా ఒక్క ముక్కతో పని ముగించుకొచ్చాడు. ఆ రోజు రొట్టెలు చేస్తుంటే పెనం కంటే నేనే ఎక్కువ కాలాను. వాడు వంటశాల గుమ్మంలో కాసేపు నిలబడి, మీ ఊరికి ఏ బస్సెక్కాలన్నా అని అడిగాడు. నా కబురు నాన్నకి చెప్పి టీ తాగి వస్తాడు కాబోలనుకుని విసుగ్గానే చెప్పాను.

వాడు మా ఇంట్లో తాగింది టీ ఒక్కటే కాదు. తన ఇంట్లో ఎన్నాళ్ళున్నాడో గానీ, తర్వాత నేను బూత్ నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా మా ఇంట్లోనే ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగాక దూది తప్ప మరో పంట ముట్టుకోనివాడు మిరప కోసి, చేతులు మండి, చెల్లెలు ఆముదం రాస్తే మర్నాడు మళ్ళీ చేలోకి దిగాడట. నాన్న కళ్ళం పక్కన మంచం వేయించుకుని కేకలేస్తుంటే, వాడు మాట్లాడకుండా కాయ తిరగేసేవాడట. మబ్బు పట్టిన రోజున కూలీలు చేరేలోపే పట్టాలు కప్పేశాడట. కాయ ఒక్కటి తడవలేదని చెల్లెలు సంబరపడుతుంటే నేనూ సంతోషించాల్సింది పోయి, గొంతులో కారం పడ్డట్టు దగ్గాను. అక్కడ కాయ తిరగేయాల్సింది నేను, నాన్న చేత తిట్లు తినాల్సింది నేను, ఆ ఆముదం నా చేతులకి రాయాల్సింది. అయినా అంతవరకు ఓర్చుకున్నాను. ఆ పైన చెల్లెలు ఇంకో మాట చెప్పింది.

‘‘అన్నయ్యా, నాన్న నవ్వుతున్నాడు తెలుసా?’’

మా నాన్న నవ్వడం నేనెరగను. చిన్నప్పుడు ఆయన్ని నవ్వించాలని నేను వెయ్యని వేషం లేదు, బడి మానేసింది కూడా ఆ వేషాల వల్లే. ఆయన మీసం కదిలేది కాదు. కంపెనీ కంపెనీని పడీపడీ నవ్వించినవాణ్ణి, మా ఇంట్లో మటుకు ఒక్క టికెట్టూ తెగని నాటకం నాది. అలాంటి మనిషి దేనికి నవ్వాడని అడిగితే, నేను మిరపకోతకి సెలవడిగిన సంగతి ఆ డ్రైవరు చెప్పాడట. అప్పట్నుంచి రోజూ సాయంత్రం కాయ కుప్ప పోశాక, ఏరా అబ్బాయ్, మావాడు ఏమన్నాడో మళ్ళీ చెప్పు అని అడిగి చెప్పించుకుంటున్నాడట. నా సెలవు తీసుకున్నాడు, నా చేను కోశాడు, చివరికి నా జోకు కూడా వాడే చెప్పాడు.

నాకు సెలవొచ్చేసరికి తొలకరి. మిరపచెట్లు పీకేసి దున్నేశారు, నాన్న కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. మంచి సమయం చూసుకుని, మేజరు గారు వెనక్కి వాలడం, సుబేదారు పొట్ట పట్టుకోవడం, నా కంగారు, అన్నీ అభినయించి మరీ చెప్పాను. చుట్టుపక్కలవాళ్ళు పగలబడి నవ్వారు. నాన్న చివరిదాకా విని, ఆ అబ్బాయి చెబితే బాగుందిరా అన్నాడు. ఆ తర్వాత, వాడెప్పుడొస్తాడని అడిగాడు.

పై ఏడు నాన్న పోయాడు. ఆ కబురు అందిన గంటలో మేజరు గారు తనే వంటశాలకి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, సెలవిచ్చి, స్టేషన్ దాకా తన జీపులో పంపించారు. ఆ సెలవుకి నేనొక్క మాట కూడా మాట్లాడక్కర్లేకపోయింది. జీపు తోలినవాడు దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాడు, అందులోనూ నాకంటే ముందే మొదలుపెట్టాడు.

ఇప్పుడు కాయ చేలోంచి లారీ ఎక్కి తిన్నగా శీతలగిడ్డంగికి పోతోంది, మా కళ్ళం ఉన్నచోట ప్లాట్ల రాళ్ళు పాతారు, సెలవులు ఫోనులోకే వస్తున్నాయి. పిల్లలు ఇష్టమైనప్పుడు ఇంటికొచ్చి, వచ్చాక గదిలో కూర్చుని ఆ ఫోనే చూసుకుంటున్నారు. వాళ్ళని ఏమీ అనను, వాళ్ళకి దొరికింది మాకు దొరకలేదన్న ఉక్రోషమే, ఇంకేం లేదు. డ్రైవరు నరసరావుపేటలో పరుపుల కొట్టు పెట్టుకున్నాడు. పోయిన నెల అటు వెళ్ళినప్పుడు, ఇన్నేళ్ళకి సిగ్గు విడిచి, మా నాన్నకి ఆ సంగతి ఎలా చెప్పావో నాకోసారి చెప్పరా అని అడిగాను. వాడు ఒంటిమీది దూది దులుపుకున్నాడు.

‘‘ఏముందన్నా. సాబ్ అడిగితే మీవాడు మిరపకాయ పండిందన్నాడు, సాబ్ నవ్వాడు, సెలవివ్వలేదు అని చెప్పా.’’

ఇందులో నవ్వడానికేముందిరా అన్నాను. ఏమో అన్నా, మీ నాన్న మాత్రం కళ్ళు తుడుచుకునేదాకా నవ్వేవాడు అన్నాడు. రోజూనా అంటే, రోజూనే అన్నాడు.

బస్సులో తిరిగి వస్తూ దారి పొడుగునా ఆ మూడు ముక్కలనీ వాడు చెప్పినట్టే, ఏ అభినయమూ లేకుండా, నాలో నేను చెప్పుకుని చూశాను. నాన్న కళ్ళు తుడుచుకోవడం మాత్రం ఎంత ప్రయత్నించినా కనిపించలేదు. అది చూసినవాడు వాడొక్కడే.