అత్తరు బేరం

నిన్న తిరుపతిలో ఒక అంగట్లో గులాబీ, కస్తూరి కలిసిన ఘాటైన అత్తరు వాసనకు మా మేనత్త గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు, భర్త పోయాక, ఆమె మా ఇంట్లోనే ఉండేది. సెంటు పూసుకోకూడదని నాయన ఆజ్ఞ.

నన్ను వెంటబెట్టుకుని అంగడికెళ్లి, ముంజేతికి అత్తరు రాయించుకుని, సగం ధరకడిగి, బేరం కుదరలేదని వచ్చేసేది. దారంతా వాసన చూసుకుని, ఇల్లు చేరేముందు కడిగేసుకునేది.

అత్తకు బేరం చేతకాదనుకుని, అంగళ్లవాళ్ల మధ్య పెరిగిన మహా మేధావిని, ఒకరోజు నేనే బేరానికి దిగాను.

“నీ మేనల్లుడు గట్టోడమ్మా! నువ్వడిగిన ధరకే తీస్కపో,” అన్నాడు అంగడాయన.

“యాడ దాసేదిరా దీన్ని?” అని అత్త నా చెవిలో గొణిగింది.

అడిగిన ధరకిచ్చినా కొనకపోతే మళ్లీ ఆ అంగడి మెట్టెక్కకూడదు. అది మా బజారు మర్యాద. అత్త ఉత్త చేతులతో దిగి, మళ్లీ ఎప్పుడూ ఎక్కలేదు.

నేను గెలిచిన మొదటి బేరం అదే.