స్పీకర్‌లో వినిపించిన సార్ గొంతు

నేను శామీర్‌పేట దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాను. పోయిన ఏడాది మేడ్చల్‌లో పరిశోధక విద్యార్థులకు ఉద్యోగ నైపుణ్యాల శిక్షణ పెట్టారు. "ముందు థీసిస్ సంగతి చూడు" అంటారన్న భయంతో మా గైడ్ సార్‌కు చెప్పలేదు. మా అవ్వను ఆస్పత్రిలో చేర్చామని అబద్ధమాడి వెళ్లాను.

మధ్యాహ్నం ఫోన్ ఇంటర్వ్యూ సాధన చేయించారు. ట్రైనింగ్ ఇచ్చే మేడం పక్క గదిలోంచి ఫోన్ చేస్తే, హాల్లో అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టి మాట్లాడాలి. నా వంతు రాగానే, పనిలో ఎదురైన కష్టం చెప్పమన్నారు. "ల్యాబ్‌లో పెంచే సెల్స్‌కు మీడియం, అంటే వాటికి ఆహారమిచ్చే ద్రవం, నేనే మార్చాలి మేడం, ఎవ్వరూ చెయ్యి వెయ్యరు" అన్నాను. అంతలో లైన్ కట్ అయింది. మళ్లీ మోగగానే పేరు చూడకుండా ఎత్తి, స్పీకర్ పెట్టి, "చెప్పండి మేడం" అన్నాను.

"నేనమ్మా" అన్నారు గైడ్ సార్. "నీ సెల్స్‌కు నేనే మీడియం మార్చిన, పరేషాన్ గాకు. అవ్వ ఏ దవాఖానల ఉంది? యాప్రాల్‌ల ఇంటికి పోయేటప్పుడు చూసి పోత."

"వద్దు సార్, ఇంటికి పంపిచ్చిన్రు" అని అందరి ముందే ఇంకో అబద్ధమాడాను. ఇంతలో మేడం తలుపు తీసి, "నీ ఫోన్ బిజీ వస్తాంది, ఎవరితోని మాట్లాడుతున్నవ్?" అని అడిగారు. ఎవరూ నవ్వలేదు.

సార్ ఇప్పటికీ అవ్వ ఎట్లుందని అడుగుతారు. మంచిగుందని చెబుతాను. అది నిజమే. అయినా ఆయన ముఖం చూసి చెప్పలేకపోతున్నాను.