చెంప చెప్పే వేడి

ఆ వీధిలో అందరికీ ఆమె ఇస్త్రీ అత్తయ్యే. పెట్టె కాగిందో లేదో చూడడానికి నీళ్లు చిలకరించడం ఆమె లెక్కలో చేతగానివాళ్ల పని. ఆమె పెట్టెను చెంప దగ్గరికి తెచ్చుకునేది. చురుక్కుమంటే నూలుబట్టలకు, వెచ్చగా తగిలితే పట్టుకు. ఆ చెంప ఒక్కనాడూ అబద్ధమాడలేదు.

నడుముకు ఆపరేషన్ అయ్యాక నొప్పికి గట్టి మాత్రలిచ్చారు, నల్లమందు జాతివి. మొదటి మాత్రకే ఒళ్లు తేలిపోయింది. నొప్పి ఎక్కడికీ పోలేదు, పక్కగదిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఉండిపోయింది. మధ్యాహ్నాలు కొట్లో ఆవిరి లేస్తుంటే, ఎప్పుడో పోయిన భర్త దుప్పటి రెండో కొస పట్టుకుని ఎదురుగా నిలబడేవాడు. బతికున్నప్పుడూ అంతే, నోట్లో నాలుక లేని మనిషి, పట్టిన కొస మాత్రం వదిలేవాడు కాదు.

కొన్నాళ్లకు ఒక్క మాత్రకు ఆయన రావడం మానేశాడు. ఎవరికీ చెప్పకుండా ఇంకోటి వేసుకుంది. కడుపు బిగుసుకుపోయింది, కూర్చున్నచోటే కునుకుపట్టేది, కంటిపాపలు ఆవగింజలంతయ్యాయి. ఇంట్లో తనకు తోడున్న ఒకే ఒక్క మనిషి కోడలు. ఆమె అడిగితే వయసు మీద పడిందని బుకాయించింది.

ఆ రోజు పెట్టెను చెంప దగ్గరికి తెచ్చింది. చురుక్కుమనలేదు. ఇంకాస్త దగ్గరికి జరిపింది. ఎదురుగా ఆయన నవ్వుతున్నాడు, తనూ నవ్వింది. కోడలు పరుగున వచ్చి చెయ్యి లాగేసేసరికే చెంప కమిలిపోయింది. అది ఇంకెవరి చెంపో అన్నట్టు చూసింది అత్తయ్య.

ఆస్పత్రిలో డాక్టరమ్మ తిట్టలేదు. నొప్పిని తగ్గించే సరుకు కొంత మన ఒళ్లే తయారుచేసుకుంటుందట. అది కూర్చోవాల్సిన పీటల మీద ఈ మాత్ర వచ్చి కూర్చుని, నొప్పి కబురు మెదడుకు సరిగా చేరనివ్వదట. రానురాను ఒళ్లు అలవాటుపడి ఇంకా ఇంకా అడుగుతుంది, మోతాదు మించితే నిద్రలోనే ఊపిరి ఆగిపోతుంది. ఒక్కసారిగా మానితే ఒళ్లు తిరగబడుతుంది కాబట్టి మెల్లగా తగ్గిద్దామంది.

"తగ్గిస్తే ఆయన ఇక రాడే అమ్మాయ్," అంది అత్తయ్య ఇంటికొచ్చే దారిలో.

కోడలికి అంతా అర్థమైంది. "మీరు పోతే నాకెవరున్నారు అత్తయ్యా?" అని మాత్రం అంది.

మాత్రల డబ్బా కోడలి చేతికెళ్లింది. చెమటలు, వణుకు, నిద్రలేని పడక. అత్తయ్య బతిమాలింది, నోటికొచ్చినట్టు శాపనార్థాలు పెట్టింది. కోడలుపిల్ల చలించలేదు. అత్తయ్య దగ్గర నేర్చుకున్న మొండితనమే మరి.

ఒక మధ్యాహ్నం పెట్టెను రెండో చెంప దగ్గరికి తెచ్చుకుంది. చురుక్కుమంది. నడుమూ సలిపింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, అవి సంతోషానివో దుఃఖానివో ఆమెకే తెలియలేదు. దుప్పటి విప్పి ఎదురుగా చూసింది. ఆవిరి తప్ప ఎవరూ లేరు.

"అమ్మాయ్," అని పిలిచింది చివరికి. "వచ్చి ఆ కొస పట్టుకో."